ఒక విశ్వవిద్యాలయము – ఒక ముద్ర

మా తమ్ముని మనుమరాలు రెండేండ్ల క్రిందట బి.యస్సీ. పరీక్షలో నుత్తీర్ణురాలై, పైచదువునకు దరఖాస్తు పంపుకొనవలెనని నాయొద్దకు వచ్చినది. ఆమె చేరదలచిన విశ్వవిద్యాలయము పేరు ఇచట చెప్పను. చెప్పినచో పదింటికి చెందవలసిన దోషమును ఒక్కదానికే అంటగట్టినట్లగును. ఆ పేరును సెల్‌ఫోనులో వ్రాసి వెదకగా మూడు వెబ్‌సైట్లు కానవచ్చినవి. ఒకటి నీలిరంగుది, నెత్తిమీద గోపురపు బొమ్మ. రెండవది కుంకుమరంగుది, దానిపై దీపస్తంభము. మూడవదానికి బొమ్మయే లేదు. 'క్రొత్తది, క్రొత్తది' యని మినుకుమినుకు మనుచున్న ఎఱ్ఱని యక్షరములు మాత్ర ముండెను. మొదటిదానిలో దరఖాస్తులకు తుదిదినము జూన్ 20. రెండవదానిలో జూలై 5. మూడవదానిలో తేదీ లేదు; ఒక ఫోను నంబరును, రుసుము పంపవలసిన బ్యాంకు ఖాతాయును ఉన్నవి.

"వీనిలో నిజమైన దేది, తాతగారూ?" అని పిల్ల యడిగినది. నేను ముప్పదియేండ్లు కళాశాలలో పాఠము చెప్పినవాడను. నాకును తెలియలేదు. కుంకుమరంగుది చూచుటకు పెద్దమనిషి తరహాగా నున్నదని దానినే నమ్మితిమి. జూలై 1వ తేదీన దరఖాస్తు పూర్తిచేయబోగా గడువు దాటినదని తెలిసినది. ఆ పుట ఆ విశ్వవిద్యాలయపుదే. కాని వెనుకటి సంవత్సరపుది. తేదీ ప్రక్కన సంవత్సరము వేయుట వ్రాసినవారు మఱచిరి. పుటను తీసివేయుట అందఱును మఱచిరి. పిల్లకు ఒక యేడు పోయినది.

విశ్వవిద్యాలయములు తమ వెబ్‌సైట్లన్నిటికిని ఒకే పేరును, ఒకే ముద్రను, ఒకే తీరును కల్పించుకొనవలెనని పలుదేశములలో యత్నములు సాగుచున్నవి. దీనిని బ్రాండింగు అందురు. ఈ మాట చెవిని బడగానే పండితులు కొందఱు ముఖము ముడుచుకొందురు. నా మిత్రు డొక యాచార్యుడు, "విశ్వవిద్యాలయ మనగా సబ్బుబిళ్ళ యనుకొంటిరా?" యని కోపించెను. ఆయన కోపము నాకు పూర్తిగా అన్యాయముగా దోపలేదు. అమ్మకపు సరుకునకు అందమైన కాగితము చుట్టినట్లు చదువునకు రంగు పూయుటయే యీ పని యైనచో దాని కింత ప్రసంగ మక్కఱలేదు.

కాని మాట సబ్బుకంటె పాతది. బ్రాండు అనగా మొదట మండుచున్న కొఱవి. ఆ కొఱవితో పశువునకు వేయు వాతకు ఆ పేరు వచ్చినది. ఆ పిదప పీపాలపైనను పెట్టెలపైనను వేయు గుర్తునకు సంక్రమించినది. మనవారికిని ఇది తెలియని యాచారము కాదు. దేవునిపేర అచ్చువేసి విడిచిన యాంబోతును ఎవరి చేనిలో మేయుచున్నను జనులు కొట్టక తోలివేసెడివారు. అది యెవరిదో ఆ యచ్చు చెప్పును. (అచ్చుపడిన పిదప అది యెట్లు ప్రవర్తించునో మన సామెతలు చెప్పుచున్నవి, ఆ భాగమును విశ్వవిద్యాలయములకు నేను వర్తింపజేయను.)

ఇంతకంటె దగ్గఱి పోలిక మన శాసనములలో నున్నది. వేంగి నేలిన తూర్పు చాళుక్యుల తామ్రశాసనములను ప్రదర్శనశాలలలో చూచినవారికి గుర్తుండును. రాగిరేకులకు రంధ్రము చేసి, దానిగుండ కడియము దూర్చి, ఆ కడియపు కొనలను ఒక ముద్రలో నతికెడివారు. ఆ వంశపు రాజులలో పెక్కుమంది ముద్రలపై 'శ్రీ త్రిభువనాంకుశ' యను బిరుదును, వరాహము, అంకుశము, పద్మము మొదలగు గుర్తులును ఉండును. రేకులపై వ్రాత యన్నచో దేనిది దానిదే. ఒకదానిలో ఒక యగ్రహారపు దానము, మఱియొకదానిలో మఱియొక పొలపు హద్దులు. లేఖకుడు వేఱు, దానము పొందినవాడు వేఱు, సంవత్సరము వేఱు. ముద్రను చూచి గ్రామపెద్ద లేచి నిలుచును. రేకును చదివి హద్దులు తెలిసికొనును. ముద్ర పని ముద్రది, రేకు పని రేకుది. ముద్ర యొకటియే గదా యని ఆ రాజులు రేకులన్నిటిపైని ఒకే వాక్యము చెక్కింపలేదు.

విశ్వవిద్యాలయపు వెబ్‌సైటు విషయమున నేను చెప్పదలచినది యింతే: ముద్ర యొకటి కావలెను; రేకులు స్వతంత్రముగా నుండవలెను. ఈ రెంటిని కలగాపులగము చేయుటవలననే ఇరువైపులను తగవులు పుట్టుచున్నవి.

ఇంత చిందఱవందఱ యెట్లు వచ్చినదో యించుక విచారింతము. స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్‌లీ యను నాంగ్లేయుడు 1989లో ఈ పద్ధతిని ప్రతిపాదించెను. 1991లో మొదటి వెబ్‌సైటు వెలసినది. మన దేశమున సామాన్యజనులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15వ తేదీన లభించినది. అనేక విశ్వవిద్యాలయములలో మొదటి వెబ్‌సైటును పెట్టినది పరిపాలకులు కారు. భౌతికశాస్త్ర శాఖలోనో, కంప్యూటరు శాఖలోనో ఉత్సాహవంతు డగు నొక యుపాధ్యాయుడును, ఆయన శిష్యు లిద్దఱును. వారు రాత్రులు మేలుకొని చేసిన పని యది. దానిని చూచి రసాయనశాస్త్రమువారు తమది పెట్టుకొనిరి. పరీక్షల విభాగమువా రొకటి, దూరవిద్యవా రొకటి, గ్రంథాలయమువా రొకటి, ఏటేట జరుగు సదస్సులకు ఏటి కొకటి. శిష్యులు ఉద్యోగములకు వెడలిరి. గురువు పదవీవిరమణ చేసెను. రహస్యపదము ఆయనతో వెళ్ళినది. వెబ్‌సైటు మాత్రము నిలిచియున్నది. కావున ఈ స్థితిని చూచి శాఖలవారిని నిందించుట కృతఘ్నత. ఇల్లు లేనప్పుడు ఎవరికి వారు పాక వేసికొనిరి. ఆ పాకలలోనే ఇన్నాళ్ళు విద్యార్థులు తలదాచుకొనిరి.

అయినను ముద్ర యొక్కటియే చాలునా? మన యాంధ్ర విశ్వకళాపరిషత్తును తీసికొందము. 1926లో నేర్పడిన ఈ సంస్థకు కట్టమంచి రామలింగారెడ్డిగారు మొదటి యుపాధ్యక్షులు. వారి పర్యవేక్షణమున కౌతా రామమోహనశాస్త్రిగారు చిహ్నమును రచించిరి. అందు ఉదయసూర్యుడు విశ్వవిద్యాలయము. వెడలుచున్న కిరణములు వేర్వేఱు విద్యాశాఖలు. లక్ష్మీసరస్వతుల కాసన మగు పద్మమున్నది. స్వస్తికమున్నది. రెండు నాగములున్నవి. చుట్టును ఉపనిషత్తునుండి గ్రహించిన యొక వాక్యమున్నది. మేమిద్దఱము చదివిన చదువు తేజోవంతమగుగాక యని దాని భావము. శాఖలకును సంస్థకును గల సంబంధమును ఇంతకంటె చక్కగా చెప్పిన చిహ్నమును నేను చూడలేదు. కిరణములు వేఱువేఱు దిక్కులకు పోవును, సూర్యుడు ఒక్కడే.

కాని యిట్టి చిహ్నమును పట్టాకాగితముపై చూచుట వేఱు, సెల్‌ఫోనుపై చూచుట వేఱు. తెరమీద వెబ్‌సైటు పేరు ప్రక్కన కనుపించు చిన్న గుర్తునకు దక్కు చోటు తఱచుగా అడ్డము పదునాఱు, నిలువు పదునాఱు చుక్కలు మాత్రమే. ఆ చదరములో సూర్యుని, పద్మమును, నాగములను, వాక్యమును ఇమిడింపబూనినచో మిగులునది యొక మచ్చ. పూర్వులు రాయిపై చెక్కుటకును కాగితముపై అచ్చొత్తుటకును గీసిన బొమ్మలు ఈ చుక్కలకొఱకు గీసినవి కావు. కావున పెద్దచోట పూర్ణచిహ్నము, చిన్నచోట దానినుండియే తీసిన సంక్షిప్తరూపము – ఇట్లు రెండు రూపములు అవసర మగుచున్నవి. అవసరము నిజమైనదే. ఆ యవసరమును తీర్చుకొను విధానములో నెట్లు పొరపడుదురో తెలిసికొనుటకు అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు కథ చాల ఉపయోగపడును.

అది 1868లో స్థాపితము. దానికి పది ప్రాంగణములు కలవు. బర్క్‌లీ, లాస్ ఏంజిలిస్ మున్నగు ప్రాంగణములు ఒక్కొక్కటియే లోకప్రసిద్ధములు. దాని పాతముద్రలో తెఱచిన పుస్తకము, దానిపై కిరణములు చిమ్ము నక్షత్రము, వెలుగు కలుగుగాక యను నర్థము గల మాటలు, స్థాపనసంవత్సరము ఉన్నవి. 2012లో కేంద్రకార్యాలయమువారు తమ వెబ్‌సైట్లకును ప్రచారపత్రములకును ఒక క్రొత్తగుర్తును వాడసాగిరి. 'యు' అను ఆంగ్లాక్షరము డాలువలె నుండును. దాని లోపల 'సి' అను నక్షరము ఒకవైపున రంగు తఱిగి కరగిపోవుచున్నట్లుండును. పదియెడల పదివిధములుగా నున్న పత్రములను ఒకతీరునకు తెచ్చుట వారి యుద్దేశము. పట్టాలపైనను అధికారపత్రములపైనను పాతముద్రయే యుండునని వారు చెప్పిరి.

ఆ సంవత్సరాంతమున ఈ సంగతి పత్రికల కెక్కినది. పాతముద్రను, క్రొత్తగుర్తును ప్రక్కప్రక్కన పెట్టి చూపిన చిత్రములు దేశమంతట వ్యాపించినవి. చూచినవారందఱును దానిని తీసి దీనిని పెట్టినట్లే తలంచిరి. కొందఱు, తెరమీద ఏదైన వచ్చువఱకు గిరగిర తిరుగుచుండు చక్రమువలె నున్నదని పరిహసించిరి. విద్యార్థులును పూర్వవిద్యార్థులును వ్రాసిన నిరసనపత్రముపై ఏబదివేలకు పైగా సంతకము లైనవి. రాష్ట్ర ఉపగవర్నరు గెవిన్ న్యూసమ్ సహా పలువురు వ్యతిరేకించిరి. 2012 డిసెంబరు 14వ తేదీన విశ్వవిద్యాలయము ఆ గుర్తు వాడుకను నిలిపివేసినది.

ఈ కథను చెప్పి, "చూచితిరా, బ్రాండింగు జోలికి పోరాదు" అనువారు కలరు. నా కట్లు తోపదు. ఆ గుర్తు అందమైనదా కాదా యన్నది నే నెఱుగను. ముప్పదియేండ్ల పిమ్మట అదియు ముద్దుగా తోచెడిదేమో. లోప మెక్కడ ననగా, క్రొత్తగుర్తు పాతదానినుండి పుట్టినట్లు కనబడలేదు. పుస్తకము లేదు, నక్షత్రము లేదు. నలుబదియేండ్ల క్రిందట పట్టా పుచ్చుకొన్నవానికి ముద్ర యనగా తన యౌవనము. తండ్రి పొలమమ్మి కట్టిన జీతము. గోడమీద పటము కట్టించి పెట్టుకొన్న కాగితము. దానిని తాకునపుడు అతనిని అడుగవలెను. అడుగక చేసినచో ఎంత మంచిపనియైనను ఇంటిపేరు మార్చినట్లే యుండును. రెండేండ్ల తరువాత లండనులో కింగ్స్ కాలేజివారు తమ పేరులోని కాలేజి యను మాటను వాడుకలో విడువబూని, విద్యార్థులు, పూర్వవిద్యార్థులు నొప్పుకొననందున 2015 జనవరిలో మానుకొనిరి. అక్కడను ఇదే జరిగినది.

ఇక మన సంగతి. మన విశ్వవిద్యాలయములకు క్రొత్తబొమ్మలు అక్కఱలేదు, ఉన్నవి మంచివే. మనకు బొమ్మకంటె ముందుగా కావలసినది పేరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్, ఆంధ్ర విశ్వవిద్యాలయము, ఆంధ్రా యూనివర్సిటీ – ఈ మూడును ఒక్కటియేనని విశాఖపట్టణమువారికి తెలియును. శ్రీకాకుళపు మన్యములోని పిల్లకు ఎవరు చెప్పుదురు? మూడుపేళ్ళు మూడు సంస్థ లనుకొనుటకు ఆ పిల్లకు హక్కున్నది. పేరు వాడుటకు ఒక క్రమ ముండవలెను; తెలుగున నిది, ఇంగ్లీషున నిది, కుదించినపుడు నిది యని.

పేరు తరువాత చిరునామా. దీనినిగూర్చి కొంచెము నిలిచి చెప్పెదను. ఏలయన బొమ్మను ఎవడైనను నిమిషములో దొంగిలింపగలడు, చిరునామాను దొంగిలించుట అంత సులభము కాదు. వెబ్‌సైటు చిరునామాను కుడినుండి యెడమకు చదువవలెను. అది మన ఉత్తరముపై వ్రాయు పైవిలాసమువంటిది: ముందు ఇల్లు, తరువాత వీథి, తరువాత ఊరు, చివర జిల్లా. చివరిమాటయే మిగిలినవాని నేలును. కాశీలో నొక సందునకు గుంటూరు వీథి యని పేరు పెట్టినంత మాత్రమున అది గుంటూరు కాదు. అట్లే విశ్వవిద్యాలయపు పేరు చిరునామాకు మొదట నుండి, చివర వేఱేదో యున్నచో అది యా వేఱేదానిదే. మన దేశమున 'ఏసీ డాట్ ఇన్', 'ఈడీయూ డాట్ ఇన్' అను కొసలు విద్యాసంస్థలకొఱకు ఏర్పడినవి. ఎర్నెట్ ఇండియా యను ప్రభుత్వసంస్థ పత్రములు చూచి వానిని ఇచ్చుచున్నది. ఆంధ్రవిశ్వవిద్యాలయపు చిరునామా రెండవకొసతోను, ఉస్మానియాది మొదటికొసతోను ముగియును. ఈ కొస యున్నంత మాత్రమున అది విశ్వవిద్యాలయమని కాదు. చిన్న కళాశాలకును ఉండవచ్చును. కాని శాఖలు, పరీక్షలు, ప్రవేశములు, దూరవిద్య అన్నియు ఒకే కొసక్రింద చేరినచో, ఆ కొసను గుర్తుపెట్టుకొన్న విద్యార్థి మోసపోవుట అరుదు. శాఖాధ్యక్షుడు తన సొంతడబ్బుతో 'డాట్ కామ్' కొసను కొని అందు ఫలితములు ప్రకటించినచో, దొంగకు దారి చూపినవా డగును. ఆయన యుద్దేశ మెంత మంచిదైనను సరే.

ఇది ఊహామాత్రము కాదు. పట్టములిచ్చు అధికారము చట్టముచే నేర్పడిన విశ్వవిద్యాలయములకును, తత్సమానములుగా గుర్తింపబడిన సంస్థలు మున్నగువానికిని మాత్రమే కలదని 1956నాటి యు.జి.సి. చట్టము శాసించుచున్నది. అయినను నకిలీ విశ్వవిద్యాలయముల జాబితాను యు.జి.సి. వారు మాటిమాటికి ప్రకటింపవలసి వచ్చుచున్నది. శాసనములను చదువువారు కూటశాసనమును అక్షరముల తీరు చూచియు, తేదీలు లెక్కించియు పట్టుకొందురు. అసలు శాసనముల తీరు వారికి తెలిసియుండుటచేతనే అది సాధ్యము. అసలువే పదితీరుల నుండిన యెడల నకిలీ పదునొకండవ తీరై వానిలో కలిసిపోవును. మా పిల్ల చూచిన మూడవ వెబ్‌సైటు అట్టిది. దేవుని దయవలన డబ్బు పంపలేదు.

తీరును మార్చుట పెద్దఖర్చని భయపడువారికి ఒకమాట. వెబ్‌పుటలోని విషయమును, దాని రూపమును వేఱుచేసి వ్రాయు పద్ధతి 1996లోనే ప్రమాణముగా అంగీకృతమైనది. రంగులు, అక్షరముల పరిమాణము, ముద్ర యుండవలసిన చోటు – ఇవి యొకచోట వ్రాసియుంచినచో వేయిపుటలు దానిని చూచి ధరించును. ఒకచోట దిద్దిన వేయింట దిద్దినట్లే. శాఖవారు వ్రాయవలసినది తమ పాఠములు, తమ పరిశోధనలు, తమ యుపాధ్యాయుల పేర్లు. అందు కేంద్రకార్యాలయము వ్రేలు పెట్టరాదు. పురావస్తుశాఖవారు శాసనముల ఛాయాపటములు నింపుకొందురో, గణితశాఖవారు ఒక్క బొమ్మయు లేకుండ సమీకరణములే వ్రాసికొందురో, అది వారి ఇష్టము. నెత్తిన ముద్ర, కొసలో చిరునామా, అడుగున ఈ పుటను ఎవరు ఏ సంవత్సరము ఏ దినమున దిద్దిరో తెలుపు వాక్యము – ఈ మూడును మాత్రము ఎవరును తప్పించుకొనరాదు. మూడింటిలో నేదేని యొక్కటియే యెన్నుకొనుమన్నచో నేను ముద్రను విడిచి తేదీని పుచ్చుకొందును.

తెలుగక్షరముల గతియు నొకటి యున్నది. మన విశ్వవిద్యాలయముల వెబ్‌సైట్లలో ఇంగ్లీషుపేరు ముత్యాలవలె నుండును. తెలుగుపేరు, ఉన్నచోట, ఒత్తులు విఱిగి, గుణింతములు దూరదూరముగ పడియుండును. తెలుగులిపి 1991నుండియు యూనికోడ్ ప్రమాణములో నున్నది; ఏ ఫోనులోనైనను సరిగా కనబడుటకు వీలున్నది. అయినను పాత ఫాంట్లలో కూర్చిన ప్రకటనలను ఛాయాపటముగా తీసి పెట్టుట ఇంకను మానలేదు. ఛాయాపటములోని యక్షరములు వెదకిన దొరకవు. అంతకంటె ఘోరము, చూపులేని విద్యార్థులు వాడు చదివి వినిపించు యంత్రమునకు అవి తెల్లగోడవలె నుండును. అక్షరమునకును వెనుకరంగునకును గల తేజోభేదము సాధారణపు అక్షరములకు కనీసము 4.5కు 1 పాళ్ళలో నుండవలెనని అంతర్జాతీయ ప్రమాణము. పసుపుమీద తెలుపు వ్రాసి కళాపోషణ చేయువారు దీనిని గమనింతురుగాక. 2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టము వచ్చిన పిదప ఇది దయాధర్మ విషయము కాదు.

పని యెచ్చట నారంభింపవలె నని నన్నడిగిన, చిత్రకారుని పిలువవలదందును. ముందు లెక్క పెట్టవలెను. మన సంస్థపేర ఎన్ని వెబ్‌సైట్లున్నవి? ఏది యెవరి చేతిలో నున్నది? రహస్యపదము ఎవరికి తెలియును? పదవీవిరమణ చేసిన యా యుపాధ్యాయుని యింటికి రిజిస్ట్రారుగారు స్వయముగా వెళ్ళి యడిగిన తప్పులేదు. ఆయన సంతోషముతో చెప్పును. అక్కఱలేనివి మూయవలెను, మూసినచోటికి వచ్చినవారిని క్రొత్తచోటికి పంపు ఏర్పాటు చేయవలెను, లేనిచో పాతపుస్తకములలో అచ్చైన చిరునామాలన్నియు గోడకు తగులుకొనును. ఇదియంతయు అయిన పిమ్మట రంగులమాట. అప్పటికిని చిత్రకారు డొక్కడే కాక విద్యార్థులు, పూర్వవిద్యార్థులు, పరీక్షల విభాగపు గుమాస్తా – ఈయన తప్పక – సభలో కూర్చుండవలెను. ప్రవేశకాలమున ఫోనులో ప్రశ్నలకు జవాబు చెప్పువా డాయనయే. జనులు ఎక్కడ దారి తప్పుచున్నారో ఆయనకు తెలిసినట్లు ఉపాధ్యక్షునకు తెలియదు.

మా పిల్ల మరుసటి యేడు వేఱొక విశ్వవిద్యాలయములో చేరినది, చక్కగా చదువుచున్నది. ఈ ప్రసంగము వ్రాయుటకు ముందు నేనా కుంకుమరంగు పుటను మరల తెఱచి చూచితిని. దీపస్తంభము అట్లే వెలుగుచున్నది. దరఖాస్తులకు తుదిదినము జూలై 5 అని వ్రాసియున్నది. అడుగున, చూచినవారి సంఖ్య తెలుపు నంకెలు కలవు; నేను చూచుచుండగా ఒకటి పెరిగినది.